నాన్నగారి కారు టాప్ ఇంకా చేతికి అంటుకుంటోంది

పేరు వెయ్యొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. క్లుప్తంగా చెబితే సంగతి ఇదీ. వాళ్ల నాన్నగారి పాత కారుకి బాడీ ఇనుముదే గానీ బానెట్, ఊడదీసి పెట్టుకునే టాప్, వెనక చక్రాల మీద బయటికి పొడుచుకొచ్చే అంచులు ఫైబర్‌గ్లాస్‌వి. కారు 11 ఏళ్లు కదల్లేదు. బానెట్ విప్పి గోడకి ఆనించారు. టాప్ ఆరుబయటే ఎండకీ వానకీ ఉండిపోయింది. ఇప్పుడు టాప్ మీద చెయ్యి రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు అరచెయ్యి తెల్లబడుతోంది. చక్రాల అంచుల మీద సన్నటి గాజుపోగులు లేచి గుచ్చుకుంటున్నాయి. బానెట్‌కి ఎడమ కీలు దగ్గర జానెడు పగులు ఉంది, అక్కడ ఎవరో ఎప్పుడో పెట్టిన పుట్టీ పెచ్చులూడుతోంది. బానెట్ నడిమధ్య సాలెగూడులాంటి గీతలు. బిగించి చూస్తే ఎడమవైపు మూల 8 మి.మీ. పైకి లేచి నిలబడుతోంది.

అన్నయ్యేమో "పుట్టీ పట్టించి నల్లరంగు కొట్టించేద్దాం, పది రోజుల పని" అంటున్నారు. బావగారేమో "పాతవి పారేసి కొత్తవి తెప్పించుకోండి" అంటున్నారు. ఈవిడకి నాన్నగారు నడిపిన భాగాలే ఉండాలని. ఆ పట్టుదలతో ఎవరికీ చెప్పకుండా టాప్‌ని గుడ్డతో తుడిచి, జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్‌కి పైన మెరుపునీ రంగునీ ఇచ్చే పూత) చెంచాలతో కొలిచి కలిపి సగం మేర పూశారు. మూడు వారాలైనా జిగురు పోలేదు, దుమ్ముతోపాటు ఒక చీమ కూడా అందులో ఇరుక్కుపోయింది. కిందటేడు మెరుపు కోసం డ్యాష్‌బోర్డు స్ప్రే ఒకటి అన్ని భాగాల మీదా కొట్టామని కూడా రాశారు. మూడు నెలల్లో నాన్నగారికి 80 ఏళ్లు నిండుతాయి, ఆ రోజు ఆయన్ని ఈ కారులో కూర్చోబెట్టాలి. "నేనే పాడుచేశానా? అన్నయ్య మాట విని వదిలేస్తే సరిపోతుందా?" అని అడిగారు.

అమ్మా, టాప్ పాడవలేదు. ముందు ఆ దిగులు వదిలేయండి. మీరు పూసింది పూర్తిగా తీసేయాల్సి రావొచ్చు, అయినా కింద ఉన్న అసలు పొరకి దానివల్ల హాని లేదు.

జిగురు ఎందుకు పోలేదంటే, జెల్‌కోట్‌ని తయారుచేసేది అచ్చులో పూయడానికి. అచ్చు వైపు దానికి గాలి తగలదు, కాబట్టి ఆ ముఖం అద్దంలా గట్టిపడుతుంది. రెండో ముఖం గాలికి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, జెల్‌కోట్‌లో ఉండే పాలియెస్టర్ రెసిన్ (గట్టిపడే ద్రవం) పైపొరని గట్టిపడనివ్వదు. ఫ్యాక్టరీలో అది ఉపయోగమే, ఆ జిగురు మీద పడే గాజుపోగుల మ్యాట్, రెసిన్ బాగా పట్టుకుంటాయి. మీరు పూసిన చోట ఆ జిగురు ముఖమే పైన మిగిలింది. ఇలా బయట పూసేటప్పుడు జెల్‌కోట్‌లో మైనపు ద్రావణం కలపాలి. గట్టిపడే సమయంలో మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది. ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది, మామూలుగా 2 నుంచి 5 శాతం లోపు.

ఇప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు. మొదటిది, జిగురు పైపైనేనా, లోపలిదాకానా? ఎసిటోన్‌లో తడిపిన గుడ్డతో అరచెయ్యంత మేర తుడవండి. గుడ్డ మడత మారుస్తూ మూడుసార్లు తుడిచాక గోరుతో గట్టిగా నొక్కండి. గోరు దిగకపోతే కింద పొర గట్టిపడిందని అర్థం. గోరు ముద్ర పడితే హార్డెనర్ (గట్టిపడేలా చేసే ద్రవం) తక్కువైనట్టు, లేదా బాగా చల్లటి రోజున పూసినట్టు. జెల్‌కోట్‌కి హార్డెనర్ బరువులో 2 శాతం దగ్గర ఉండాలి, అంటే 100 గ్రాములకి 2 గ్రాములు. చెంచాతో ఆ లెక్క కుదరదు. అరగ్రాము తేడా చూపించే చిన్న తూకం కూడా చాలదు, పదోవంతు గ్రాము చూపించేది కావాలి. మెత్తగా ఉన్నదాని మీద ఇంకాస్త హార్డెనర్ రాస్తే గట్టిపడుతుందని కొందరు చెబుతారు, ఆ పని చేయకండి. పైన పెళుసు పెంకు కడుతుంది, కింద మెత్తదనం అలాగే ఉంటుంది.

రెండో ప్రశ్నే అసలైనది. అది పట్టుకుందా? మీరు తుడిచి పూశానన్నారు, శాండ్‌పేపర్‌తో రుద్దానని ఎక్కడా రాయలేదు. సుద్దలా రాలుతున్న పొర మీద, పైగా సిలికాన్ ఉండే డ్యాష్‌బోర్డు స్ప్రే కొట్టిన దాని మీద పూశారంటే, పిండి చల్లిన పీట మీద జిగురు పోసినట్టే. జిగురు తుడిచేసిన చోట బ్లేడుతో అడ్డంగా, నిలువుగా ఆరేసి గీతలు 2 మి.మీ. ఎడంలో గీయండి. గట్టి టేపు అంటించి ఒక్క లాగు లాగండి. గళ్లు టేపుతో వచ్చేస్తే మొత్తం తీసేయడమే. ఉలి అంచుని కొంచెం మొద్దుగా చేసిన గీకుడుపట్టీతో, పడుకోబెట్టి తోస్తే పట్టుకోని జెల్‌కోట్ రేకులు రేకులుగా వచ్చేస్తుంది. ఒకవేళ గళ్లు కదలకుండా ఉంటే మీ అదృష్టం. జిగురంతా ఎసిటోన్‌తో తీసి, 320 నంబరు వాటర్ పేపర్‌తో సమం చేసి ముందుకు వెళ్లొచ్చు. జిగురు పోకముందే పేపర్ పెడితే మాత్రం రెండు నిమిషాల్లో పేపర్ మూసుకుపోతుంది.

సిలికాన్ స్ప్రే విషయం తేలిగ్గా తీసుకోకండి. ఏ భాగం మీదైనా పేపర్ పెట్టేముందే దాన్ని వదిలించాలి. ముందు రుద్దితే పేపరు ఆ సిలికాన్‌ని గీతల్లోకి, సూదిరంధ్రాల్లోకి దట్టిస్తుంది. తర్వాత రంగు కొట్టినప్పుడు నూనె మీద నీళ్లు పడ్డట్టు రంగు గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. సబ్బునీళ్లతో కడిగి ఆరాక, పెయింట్ పనికి వాడే మైనం-గ్రీజు తీసే ద్రావకంతో రెండు గుడ్డలు పెట్టుకుని పనిచేయండి. ఒకటి తడిది, ఒకటి పొడిది. తడిదానితో తుడిచింది ఆరకముందే పొడిదానితో ఎత్తేయాలి. ఆరనిస్తే సిలికాన్ అక్కడే మళ్లీ కూర్చుంటుంది. మూడు విడతలు చేసి నీళ్లు పోసి చూడండి. నీళ్లు పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ముత్యాల్లా చిట్లితే ఇంకో విడత.

ఇక టాప్‌కి పాలిష్ చాలా, రంగు కావాలా? శుభ్రం చేశాక తడిగుడ్డతో తుడిచి చూడండి. తడిసినంతసేపూ పాత రంగు ముదురుగా, బాగా కనిపించి, ఆరగానే మళ్లీ పాలిపోతే చెడిపోయింది పైన ఉన్న సన్నటి పొర మాత్రమే. ఎండ రెసిన్‌ని తినేసి రంగుపొడిని బయటపెట్టింది, ఆ పొడే మీ అరచేతికి అంటేది. జెల్‌కోట్ మామూలుగా 0.4 నుంచి 0.6 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి పైది తీసినా కింద ఇంకా ఉంటుంది. తడిపినా మచ్చలు మచ్చలుగా, మధ్యలో పోగుల అల్లిక కనబడితే జెల్‌కోట్ అరిగిపోయినట్టు. అక్కడ పాలిష్‌కి పని లేదు.

ఇంకోటి కూడా చూసుకోవాలి. అసలు ఆ భాగానికి జెల్‌కోట్ ఉందా? ఫైబర్ భాగాలన్నీ ఒకే తీరున పుట్టలేదు. 1953లో తొలి ఏడాది 300 కార్లు మాత్రమే తయారైన అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌కి బాడీ అంతా ఫైబర్‌గ్లాసే. అయినా దాని మెరుపు పైన కొట్టిన పెయింట్‌ది, జెల్‌కోట్‌ది కాదు. 1960ల్లో ఇసుకలో తిరిగే బీచ్ బగ్గీ కార్లకి మాత్రం రంగు జెల్‌కోట్‌లోనే కలిసి వచ్చేది. మీ టాప్ అంచున పెచ్చులేచిన చోట భూతద్దం పెట్టి చూడండి. రంగు గోరంత మందాన ఒకే పొరగా ఉంటే జెల్‌కోట్. కాగితంలాంటి రెండు మూడు పొరలు, మధ్యలో బూడిదరంగు గీత కనబడితే ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే అడుగు పూత), పెయింట్. పెయింట్‌ని జెల్‌కోట్ అనుకుని రుద్దితే అరగంటలో ప్రైమర్ బయటపడుతుంది.

జెల్‌కోటే అయితే, తడి పరీక్షలో బాగా కనబడితే, 800 నంబరు పేపర్‌తో నీళ్లు పెట్టి మొదలుపెట్టండి. వేళ్లతో నొక్కకండి, మెత్తటి రబ్బరు దిమ్మ వాడండి. వేళ్లతో నొక్కితే నాలుగు గాడులు పడతాయి, పాలిష్ పెట్టాక ఎండలో అవి బాగా తెలుస్తాయి. 800 తర్వాత 1000, 1500, 2000. నంబరు మారినప్పుడల్లా దిశ మార్చి రుద్దితే కిందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. పూర్తిగా కడిగి, కొత్త నీళ్లు, కొత్త బకెట్. ఒక్క 800 రేణువు బకెట్‌లో మిగిలినా 2000 పనంతా గీరుకుపోతుంది. మడతలు, అంచుల మీద జెల్‌కోట్ అన్నిటికంటే పలచన, అక్కడ టేపు అంటించి చివరికి వదిలేసుకుని చేత్తో నాలుగు రుద్దులు మాత్రం రుద్దండి. రుద్దుతుండగా రంగు ఒక్కసారి ముదిరినా, పచ్చగా కింది రెసిన్ తొంగిచూసినా అక్కడితో ఆగిపోవాలి. ఆ తర్వాత కంపౌండ్ (సన్నటి గీతలు పోగొట్టే ముద్ద), పాలిష్, చివర మైనం. ఎండలో తిరిగే కారైతే మూడు నాలుగు నెలలకోసారి మైనం మళ్లీ పట్టించాల్సిందే, లేకపోతే రెండేళ్లలో సుద్ద తిరిగొస్తుంది.

ఈ దారిలో లాభం, అసలు పొర దక్కుతుంది. మళ్లీ ఎప్పుడైనా రంగు వేయించుకోవచ్చు, వేయించాక మాత్రం వెనక్కి రాలేరు. నష్టం కూడా చెప్పాలి. లోతైన గీతలూ, పసుపు మచ్చలూ కొన్ని ఉండిపోతాయి. ఎక్కడైనా కొత్త జెల్‌కోట్ పూస్తే ఆ రంగు పాతదానితో నూటికి నూరుపాళ్లు కలవదు, ఒకవేళ ఈ రోజు కలిసినా పాతదీ కొత్తదీ ఒకే వేగంతో వెలవవు.

చక్రాల అంచుల మీద పోగులు లేచాయంటే అక్కడ పైపొర పూర్తిగా పోయింది. ఆ పోగుల వెంట నీళ్లు లోపలికి పాకుతాయి. వాటికి పాలిష్ దారి లేదు. 120, 180 నంబర్లతో లేచిన పోగులు తీసి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, పారదర్శక ప్లాస్టిక్ ముక్క నాలుగు వైపులా టేపు వేసి ఒకరోజు ఉంచండి. లోపల ఆవిరి పట్టకపోతే పలచటి ఎపాక్సీ (ఇంకో రకం రెసిన్) ఒక పూత కుంచెతో రుద్ది పట్టించి, మర్నాడు నీళ్లతో కడిగి మళ్లీ రుద్ది ప్రైమర్‌కి ఇవ్వొచ్చు. ఆవిరి పట్టినదాని మీద పూస్తే ఎండాకాలంలో బుడగలు లేస్తాయి. వీటికి ఎక్కువ ఆలోచించే పని లేదు.

ఆలోచించాల్సింది బానెట్ గురించి. మీ ఉత్తరంలో పగులు ఒకచోట రాశారు, లేచిన మూల ఇంకోచోట రాశారు. రెండూ ఎడమ కీలు దగ్గరే ఉన్నాయని గమనించారా? పుట్టీ పెట్టినా మళ్లీ పగిలిందంటే అక్కడ పగలగొడుతున్నది ఏదో ఇంకా ఉందన్నమాట. పాత ఫైబర్ బానెట్లలో చాలావాటికి కీలు బోల్టుల కింద ఒక ఇనుప పట్టీని పొరల మధ్య పెట్టి రెసిన్‌తో మూసేసేవారు. బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగితే పట్టీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి లోపలినుంచి పొరల్ని విడగొడుతుంది. ఉబ్బిన పట్టీ కీలుని కిందికి నెడితే ఆ మూల పైకి లేస్తుంది కూడా.

బానెట్ విప్పి, మెత్తటి దుప్పటి మీద బోర్లా వేసి చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ టీ ఒలికినట్టు గోధుమరంగు మరక ఉంటే అనుమానం నిజమే. ఒక నాణెం తీసుకుని దూరంగా బాగున్న చోట మొదలుపెట్టి కీలు వైపు కొట్టుకుంటూ రండి. బాగున్న చోట ఖణేలుమంటుంది, పొరలు విడిపోయిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టు బొద్దుగా పలుకుతుంది. శబ్దం మారిన ప్రతిచోటా పెన్సిలుతో చుక్క పెట్టండి. చుక్కలు కలిపితే మరమ్మతు చేయాల్సిన మేర ఎంతో కళ్ల ముందుంటుంది, పైకి కనబడే పగులు కంటే అది తప్పకుండా పెద్దదే అవుతుంది. చీకటి గదిలో ఒకవైపు టార్చి పెట్టి రెండోవైపు చూడండి. రంగు మందంగా లేకపోతే పగులు నల్లటి గీతలా, విడిపోయిన పొర తెల్లటి మబ్బులా కనిపిస్తుంది.

మరమ్మతు ఇలా ఉంటుంది. పగులు కనబడే కొసకి 5 మి.మీ. అవతల 3 మి.మీ. రంధ్రం వేయాలి, అది ముందుకి పాకకుండా. పాత పుట్టీ అంతా తీసి, లోపలివైపు నుంచి గ్రైండర్‌తో తుప్పు పట్టీని బయటికి తీయాలి. పగులుకి రెండువైపులా వాలుగా చెక్కాలి. మందానికి 12 రెట్లు వాలు, అంటే బానెట్ మందం 3 మి.మీ. అయితే పగులుకి అటు 36 మి.మీ., ఇటు 36 మి.మీ. ఈ వాలు చూసి చాలామందికి చేతులు రావు, బాగున్నదాన్ని ఇంత చెక్కాలా అనిపిస్తుంది. చెక్కాల్సిందే. కొత్త పొర పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే, వాలు తక్కువైతే సరిగ్గా ఆ గీత మీదే మళ్లీ విరుగుతుంది. పాత పట్టీ స్థానంలో 3 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీ పెట్టండి. మూలలు గుండ్రంగా చేసి, 80 నంబరుతో గరుకు చేసి, రెసిన్ పట్టుకునేలా అక్కడక్కడ రంధ్రాలు వేయాలి.

ఇక్కడే మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. బానెట్‌కి చివర రంగు వేయిస్తారా, జెల్‌కోట్ రూపమే ఉంచుతారా? పాత గట్టిపడిన పాలియెస్టర్‌ని కొత్త పాలియెస్టర్ కంటే ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది, కీలు లాంటి బరువు పడే చోట అదే మేలు. కానీ ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ సరిగ్గా గట్టిపడదు. అంచేత ఎపాక్సీ వాడితే పైన పెయింటే గతి. జెల్‌కోటే కావాలంటే పాలియెస్టర్‌తోనే చేసి, వాలు ఇంకా జాగ్రత్తగా చెక్కుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. మామూలు మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగేలా చేసింది, ఎపాక్సీలో అది కరగదు. మ్యాట్ బిర్రుగా ఉండిపోయి గాలి చిక్కుతుంది. ఎపాక్సీ అయితే నేసిన గాజుగుడ్డ వాడండి.

పాలియెస్టర్ దారిలో లెక్క చెబుతాను, ఎంత సరుకు కావాలో తెలుస్తుంది. మీ జానెడు పగులుకి 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు అతుకు సరిపోతుంది అనుకుందాం. చదరపు మీటరుకి 450 గ్రాములుండే మ్యాట్ ఒక్కో పొర దాదాపు 1 మి.మీ. మందం ఇస్తుంది. నాలుగు పొరలు, ఒక్కోటీ కిందిదానికంటే అన్నివైపులా 10 మి.మీ. చిన్నగా కత్తిరిస్తే మొత్తం మ్యాట్ 84 గ్రాములు అవుతుంది. దానికి రెండు, రెండుంపావు రెట్లు రెసిన్, కుంచెకి అంటుకునేది కలుపుకుని సుమారు 200 గ్రాములు. దాన్ని ఒకేసారి కలపకండి, 100 గ్రాముల చొప్పున రెండు విడతలు కలపండి. 20 నుంచి 25 డిగ్రీల వేడిలో విడతకి 1.5 గ్రాముల హార్డెనర్. డబ్బాలో ఎక్కువ రెసిన్ కలిపి ఉంచితే దాని వేడికి అదే ఉడికిపోయి పొగలు కక్కుతుంది. కుంచెతో గీయకుండా పొడుస్తూ, తర్వాత పళ్లున్న రోలరుతో తోస్తూ, మ్యాట్ తెల్లదనం పోయి పారదర్శకంగా అయ్యేదాకా గాలి తీయండి. తెల్లచుక్క మిగిలిందంటే అక్కడ గాలి ఉంది, రేపు ఎండలో అదే బుడగ అవుతుంది.

పైన బోల్టులు బిగించేటప్పుడు పెద్ద వాషర్లు వాడండి. ఫైబర్ ఇనుములా బిగింపుని భరించదు, నలిగి పొడిపొడి అవుతుంది.

లేచిన మూల సంగతి పట్టీ మార్చాకే చూడండి. ముందే సరిచేస్తే రెండుసార్లు సరిచేయాల్సి వస్తుంది. పట్టీ మారాక 8 మి.మీ. కాస్తా 2, 3కి దిగితే కీలు కింద సర్దుబాటుతో పోతుంది. దిగకపోతే 11 ఏళ్లు గోడకి ఆనుకుని ఒంగిపోయినట్టు. అప్పుడు బానెట్‌ని కారు మీదే బిగించి, మెత్తటి సంచీతో ఆ మూల కిందికి అణచి, రోజంతా ఎండలో ఉంచి, అదే స్థితిలో లోపలివైపు 25 మి.మీ. వెడల్పు నురగ (ఫోమ్) పట్టీ పెట్టి దానిపైన రెండు పొరల గాజుగుడ్డతో పక్కటెముకలా కట్టాలి. వేడిగాలి గన్ పెట్టి వంచాలని చూడకండి. పాత పాలియెస్టర్ ఎక్కడ మెత్తబడుతుందో, ఎక్కడ చెడుతుందో ఆ రెంటి మధ్య ఎడం చాలా తక్కువ.

మధ్యలో సాలెగూడు గీతలకి కూడా కారణం వెతకండి. నక్షత్రంలా ఒక బిందువు నుంచి విచ్చుకుని ఉంటే కిందనుంచి ఏదో తగులుతోంది. ఇంజిన్ మీద ఎయిర్ ఫిల్టర్ మూత పైన పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్ద పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి బానెట్ వేసి తీయండి. ముద్ద ఎంత పలచబడిందో కొలిస్తే మధ్య ఎడం తెలుస్తుంది. ఒక సెంటీమీటరు లోపు ఉంటే, కదిలే కారులో ఇంజిన్ ఊగినప్పుడు తగులుతుంది. ఇంజిన్ కింది రబ్బర్లు చూపించాలి. కారణం పోయాక ఒక్కో గీతనీ ముక్కోణపు గీకుడుతో V ఆకారంలో జెల్‌కోట్ అడుగు దాకా తెరిచి నింపాలి. తెరవకుండా పైన ప్రైమర్ కొడితే నెల తిరక్కుండా గీతలన్నీ పైకి వస్తాయి.

పని చేసేటప్పుడు ఒంటి సంగతి కూడా చూసుకోండి. గాజు దుమ్ముకి P2 తరగతి (సన్నటి దుమ్మును ఆపేది) కంటే తక్కువ మాస్కు వద్దు, పొడవు చేతుల చొక్కా మణికట్టు దగ్గర టేపు వేసుకోండి. రెసిన్ ఆవిరికి దుమ్ము మాస్కు పనిచేయదు, ఆవిరిని పీల్చుకునే గుళిక ఉన్నది కావాలి. హార్డెనర్ కంట్లో పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయొద్దు. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా ఉంటే హార్డెనర్‌తో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది.

ఇక ఇంట్లోవాళ్ల మాటలు. అన్నయ్యగారి మాటలో నిజం లేకపోలేదు, మీకున్నది మూడు నెలలే. రంగు పని ఒక మంచి పెయింటర్ చేతికే ఇవ్వాలి. రంగూ హార్డెనరూ కలిపి కొట్టే పెయింట్లలో ఐసోసయనేట్లు అనే ప్రమాదకరమైన రసాయనాలు ఉంటాయి, బయటినుంచి గాలి అందే మాస్కు లేకుండా ఇంట్లో కొట్టేవి కావు అవి. కానీ పుట్టీ మీద పుట్టీ అంటే ఆ కీలు దగ్గర తొలి వేసవికే పగులు తిరిగొస్తుంది, అప్పుడు పెయింట్ కూడా చెడుతుంది. నలుపు గురించి ఒకసారి మళ్లీ ఆలోచించమనండి. ఎండలో నల్లటి భాగం 70 డిగ్రీలు దాటొచ్చు. ఆ వేడికి పాత రెసిన్ మళ్లీ కొంత ముడుచుకుని, అతుకుల సరిహద్దులూ గాజు అల్లికా పైకి అచ్చుపడతాయి. లేతరంగు మీద అదే లోపం ఉన్నా కనబడదు. పెయింటర్‌కి రెండు మాటలు చెప్పండి. ప్రైమర్ కొట్టాక బానెట్‌ని వారం రోజులు ఎండలో కారు మీదే ఉంచి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాక దిమ్మతో రుద్దాలి. ఇనుప బాడీకి పెట్టినంత వేడి దీనికి పెట్టకూడదు, సూదిరంధ్రాల్లో గాలి ఉబ్బి పెయింట్‌ని చిమ్ముతుంది. సూదిరంధ్రాల్ని ప్రైమర్ మూయలేదు, పైన పొరలా కప్పుతుందంతే. సన్నపుట్టీని రెండు దిశల్లో నొక్కి లోపలికి దిగేలా పట్టించాలి.

బావగారు చెప్పిన కొత్త బానెట్ కూడా దారే. తెప్పిస్తే రంగుకి ముందే, కీలూ గొళ్లెం బిగించి కారు మీద వేసి చూడాలి. నకలు భాగాలు చాలావరకు అసలుకంటే పలచగా ఉంటాయి, రంధ్రాలు వేసి ఉండవు, అంచుల ఎడం సమంగా రాదు. వాటి మీద అచ్చు మైనం కూడా ఉంటుంది, దాన్ని సిలికాన్ లాగే వదిలించాలి. అంటే కొత్తది తెచ్చినా మీకు మిగిలే రోజులు అనుకున్నంత ఏమీ ఉండవు. ఆ దారిలో వెళ్లినా పాతది పారేయకండి. నాలుగు చోట్ల సమానంగా ఆనేలా బోర్లా పడుకోబెట్టి దాచండి, గోడకి మాత్రం ఆనించొద్దు.

మూడు నెలల్లో అన్నీ పూర్తవ్వాలనుకుంటే కీలు మరమ్మతు మొదటి మూడు వారాల్లో ముగియాలి, లేకపోతే ఎండలో ఉంచే వారం దొరకదు. కొంచెం తక్కువకి సర్దుకోగలిగితే ఇంకో దారి ఉంది. టాప్ పాలిష్ చేసి, బానెట్ మరమ్మతు పూర్తిచేసి, బానెట్‌కీ చక్రాల అంచులకీ ఎపాక్సీ ప్రైమర్ మాత్రం కొట్టించి ఆ రోజు కారు బయటికి తీయొచ్చు. బూడిదరంగు బానెట్‌తో ఫొటోలు కొంచెం వెలితిగా ఉంటాయి. కానీ రంగు నింపాదిగా, సరిగ్గా పడుతుంది. ప్రైమర్‌ని మాత్రం వానలో నెలల తరబడి వదలకూడదు.

టాప్ విషయం అన్నయ్యగారికి చెప్పండి. టేపు అంటించి లాగే పరీక్ష ఆయన ముందే చేయండి, తర్వాత ఇద్దరూ కలిసి బానెట్ బోర్లా వేసి ఆ నాణెం ఆయన చేతికి ఇవ్వండి. శబ్దం మారే చోటు ఆయన చెవికే తెలుస్తుంది. నాన్నగారిని కూడా ఒక మాట అడగండి, ఆ కీలు దగ్గర మరమ్మతు ఎప్పుడు జరిగింది, అప్పుడు బానెట్ విప్పారా, పైనుంచే పుట్టీ పెట్టారా అని. విప్పలేదంటే లోపల పట్టీ కారు పుట్టినప్పటిదే, గ్రైండర్ పట్టేముందే ఎంత లోతుకి వెళ్లాలో మీకు తెలిసిపోతుంది.